ఒకే జాతి, రెండు రూపాలు: ఇందులో పరిణామం ఎక్కడుంది? సుడిదోమను పెంచిన అనుభవంతో

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. జీన్లు మారకుండా పరిసరాలను బట్టి రూపం మారితే దాన్ని పరిణామం అని ఎలా అంటాం, అలా అంటే బతికుండగా తెచ్చుకున్న మార్పు పిల్లలకి దిగుతుందని లామార్క్ చెప్పిందే నిజమైనట్టు కాదా, డిగ్రీ జువాలజీ ప్రాజెక్టుకి పనికొచ్చే ఉదాహరణ మన దగ్గర ఏదైనా ఉందా. మొదటిదానికి ముందే సూటిగా చెప్పేస్తాను. రూపం మారడం పరిణామం కాదు. ఏ సూచన అందితే ఏ రూపం ఎత్తాలి అనే రూలు ఒకటి ఉంటుంది చూశారూ, అది జీన్లలో ఉంటుంది, తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తుంది, ఒక్కో కుటుంబంలో ఒక్కోలా ఉంటుంది, తరాలు గడిచేకొద్దీ మారుతుంది కూడా. పరిణామం పనిచేసేది ఆ రూలు మీద.

పుస్తకాల్లో దీనికి ఎప్పుడూ తేనెటీగల్లో తిండిని బట్టి తయారయ్యే రాణి ఈగ గురించే రాస్తారు. తప్పేం లేదు గానీ, వరి పండే ఊళ్లలో పుట్టినవాళ్లకి అంతకంటే మంచి ఉదాహరణ కాళ్ల దగ్గరే ఉంది. సుడిదోమ. రైతులు దోమపోటు అంటారు. ఎమ్మెస్సీ ఎంటమాలజీలో నేను పెంచింది దీన్నే, ఇప్పుడు ఉద్యోగంలో పొలాల్లో తిరిగి చూస్తున్నదీ దీన్నే. కాబట్టి జవాబంతా దీని చుట్టూనే తిరుగుతుంది, ఏమనుకోకండి.

దోమ అంటాం గానీ ఇది కుట్టే దోమ కాదు. గోధుమ రంగులో, మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉండే రసం పీల్చే పురుగు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరుతుంది, అందుకే గట్టు మీద నిలబడి చూస్తే పైరు పచ్చగా ఏపుగా కనిపిస్తూనే ఉంటుంది, లోపల పని అయిపోతూ ఉంటుంది. నాలుగు రోజులు ఆగితే చేను మధ్యలో గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోతుంది. దుబ్బుని రెండు చేతులతో విడదీసి చూడండి. వేలు దగ్గరికి పెడితే ఎగరకుండా కాండం చుట్టూ పక్కకి జరిగి అవతల దాక్కునేవి కొన్ని ఉంటాయి, వాటిలో పొట్ట ఉబ్బి, రెక్కలు నడుము దాకా వచ్చి ఆగిపోయి, పొట్టి చొక్కా తొడిగినట్టు ఉండేవి పొట్టి రెక్కల ఆడవి. వాటి పక్కనే సన్నగా, రెక్కలు పొట్ట చివర దాటి బయటికి వచ్చినవి కనిపిస్తాయి. అవి పొడుగు రెక్కలవి. రాత్రి లైట్ ట్రాప్‌లో పడేది ఈ రెండో రకమే, మొదటిదానికి ఎగరడం రాదు.

ఈమధ్య ఒక రైతు నన్ను అడిగాడు. "ఏవండీ మేడం గారూ, పోయిన నెల చూస్తే రెక్కల్లేని దోమ, ఇప్పుడు చూస్తే ఎగిరే దోమ. ఇది కొత్త రకమాండీ? మందు మార్చాలా?" కొత్త రకం కాదు బాబాయ్, దాని పిల్లలే ఇవి అంటే ఆయన నమ్మలేదు. నమ్మకపోవడంలో ఆయన తప్పేమీ లేదు, పక్కపక్కన పెట్టి చూస్తే రెండు జాతులనే అనుకుంటాం. మిడతల విషయంలో శాస్త్రవేత్తలే అలా అనుకున్నారు. ఒంటరిగా తిరిగే మిడతకి ఒక పేరు, దండుగా వచ్చే మిడతకి ఇంకో పేరు పెట్టి చాలాకాలం వేర్వేరు జాతులుగా లెక్కేశారు. 1921లో ఉవరోవ్ అనే ఆయన రెండూ ఒకటేనని, గుంపు పెరిగితే ఒకటి ఇంకోటిగా మారుతుందని తేల్చాడు.

సరే, రూపం జీన్లలో తేడా వల్ల కాదని ఎలా తెలుస్తుంది? దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఒకే తల్లి పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పిల్ల పురుగుల్ని రెండు వాటాలు చెయ్యండి. ఒక వాటాని లేత వరి మొక్కల మీద పలచగా వదలండి, రెండోదాన్ని ఒక్క మొక్క మీదే కిక్కిరిసేలా వదలండి. పిల్ల పురుగు అయిదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. చివరి కుబుసం విడిచాక పలచగా ఉన్న వాటాలో ఆడవి ఎక్కువగా పొట్టి రెక్కలతో, కిక్కిరిసిన వాటాలో ఎక్కువగా పొడుగు రెక్కలతో వస్తాయి. జపాన్‌లో కిసిమోటో అనే ఆయన 1950ల్లోనే ఇది చూపించాడు.

మా నెట్ హౌస్‌లో, అంటే పురుగుల్ని పెంచే వల షెడ్డులో, బోనుల పని చూసే అన్న ఒకాయన ఉండేవాడు. మాకు పేపర్లు చదివితే గానీ తెలియంది ఆయనకి బోను చూస్తే తెలిసేది. పురుగుల పెంపకానికి టీఎన్-1 అనే రకం వరి వాడతారు, దోమకి ఏమాత్రం తట్టుకోని రకం అది. కుండీల్లోని మొక్కలు పసుపు తిరిగి, ఆకుల మీద జిగట కారి, దాని మీద నల్లటి మసి పట్టడం మొదలైతే చాలు, ఆయన వచ్చి బోను పైజాలీ వైపు చెయ్యి చూపించేవాడు. "ఇదిగో, పైకెక్కేశాయి. ఇక ఇవి గుడ్లు పెట్టవు, బయటికి పోవాలని చూస్తాయి. మీకు గుడ్లు కావాలంటే అవతలి బోనులో పొట్టివి తీసుకోండమ్మా." పొడుగు రెక్కలవి అసలు గుడ్లు పెట్టవని కాదు గానీ ఆలస్యంగా మొదలుపెడతాయి, తక్కువ పెడతాయి. పొట్టివి త్వరగా మొదలుపెట్టి ఎక్కువ పెడతాయి. రకాల తట్టుకునే శక్తిని పరీక్షించడానికి పిల్ల పురుగులు వేలల్లో కావాల్సి వచ్చినప్పుడు మేం ఏరుకునేది పొట్టి రెక్కల చూడి పురుగుల్నే.

ఆ అన్న మాటలోనే పరిణామం ప్రశ్నకి సగం జవాబుంది. ఎగరాలంటే రెక్కలొక్కటే చాలవు, వాటిని ఆడించే కండరాలు కావాలి, ఆ కండరాలకి తిండి ఖర్చవుతుంది. పొట్టి రెక్కల ఆడదానిలో ఆ కండరాలు సరిగా తయారవనే అవ్వవు, ఆ ఖర్చంతా గుడ్లకి పోతుంది. చేను లేతగా, తిండి పుష్కలంగా ఉన్నప్పుడు ఎగిరే శక్తి దండగ. చేను ముదిరి, దుబ్బుకి వందల పురుగులు చేరాక గుడ్లు ఎన్ని పెట్టినా పుట్టే పిల్లలకి తిండి ఉండదు, అప్పుడు ఎగరలేనిది అక్కడే పోతుంది. వరి అనేది నాలుగైదు నెలల్లో పుట్టి పోయే ఇల్లు. ఎప్పుడూ పొట్టి రెక్కలే వేసే వంశం చేను ఎండగానే అంతరిస్తుంది, ఎప్పుడూ పొడుగు రెక్కలే వేసే వంశం లేత చేలో గుడ్ల పందెంలో ఓడిపోతుంది. సమయం చూసి మార్చుకోగలిగే వంశానిదే పైచేయి. ఎగిరేవి ఎంత దూరం పోతాయంటే, 1967లో జపాన్‌కి దక్షిణంగా పసిఫిక్ సముద్రం మధ్యలో నిలిచి ఉన్న వాతావరణ పరిశీలన ఓడ దగ్గరికి ఇవి గుంపులుగా వచ్చాయి. నేల చూద్దామన్నా కనిపించని చోటు అది.

ఇక రూలు జీన్లలో ఉంటుందన్న మాట. పైన చెప్పిన రెండు వాటాల ప్రయోగంలో ఒక సంగతి జాగ్రత్తగా చూడాలి. కిక్కిరిసిన వాటాలో అన్నీ పొడుగు రెక్కలతో రావు, కొన్ని మొండిగా పొట్టిగానే వస్తాయి. పలచగా ఉన్నదాంట్లో కూడా ఒకటీ అరా పొడుగువి ఉంటాయి. మొదట్లో నేను వీటిని లెక్కలో చికాకు పెట్టేవిగా చూసేదాన్ని, తర్వాత అర్థమైంది అసలు కథ వీటిలోనే ఉందని. ఎంత రద్దీకి రెక్కలు వెయ్యాలి అన్న హద్దు పురుగు పురుగుకీ తేడాగా ఉంటుంది, ఆ తేడాలో కొంత వంశపారంపర్యం. బోరు మోటారుకి బిగించే ఆటో స్టార్టర్ ఉంటుంది కదా, కరెంటు రాగానే మోటారు దానంతట అదే ఆన్ అవుతుంది, వోల్టేజీ మరీ పడిపోతే ఆగిపోతుంది. కరెంటు ఎప్పుడొస్తుందనేది స్టార్టర్ చేతిలో లేదు, ఎంత వోల్టేజీకి ఆగాలి అనేది మాత్రం దాని సెట్టింగు. పక్కపక్క పొలాల్లో ఒకే లైను మీద ఉన్న రెండు మోటార్లలో ఒకటి ఆగిపోయి ఇంకోటి తిరుగుతూ ఉండడం మీరు చూసే ఉంటారు. పురుగుల్లోనూ సెట్టింగు తేడాలున్నాయి, ప్రకృతి ఎంపిక తిప్పేది ఆ సెట్టింగునే.

జపాన్ పరిశోధకులు దీన్ని నేరుగా పరీక్షించారు. తరం తరానికీ పొట్టివాటిని పొట్టివాటితో, పొడుగువాటిని పొడుగువాటితో మాత్రమే జతకట్టించి పెంచుతూ పోతే, చివరికి ఎంత రద్దీలో పెట్టినా పొట్టి రెక్కలే వచ్చే వంశాలు, పలచగా పెంచినా పొడుగు రెక్కలు వచ్చే వంశాలు తయారయ్యాయి. జీన్లలో తేడాలు లేకపోతే ఈ ఎంపిక ఒక్క అంగుళం కూడా కదిలేది కాదు.

ఆ సెట్టింగు ఒంట్లో ఎక్కడుంది అంటే, 2015లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు నేచర్ పత్రికలో చాలావరకు తేల్చేశారు. మనకి షుగర్ జబ్బుతో పరిచయమైన ఇన్సులిన్ వ్యవస్థే ఇది. సుడిదోమలో ఇన్సులిన్ రిసెప్టార్లు, అంటే కణం మీద ఇన్సులిన్ కబురు అందుకునే ప్రొటీన్లు, రెండున్నాయి. మొదటిది ఇన్సులిన్ కబురు అందుకుని ఫాక్సో అనే ప్రొటీన్‌ని అణిచిపెడుతుంది, అప్పుడు రెక్క పొడుగ్గా పెరుగుతుంది. రెండోది మొదటిదానికి అడ్డం పడుతుంది, అప్పుడు ఫాక్సో పని చేసి రెక్క పొట్టిగా ఆగిపోతుంది. పిల్ల పురుగులో మొదటి రిసెప్టార్ జీన్ నోరు మూయిస్తే పొట్టి రెక్కలు, రెండోదాని నోరు మూయిస్తే పొడుగు రెక్కలు. గమనించారా, రెండు రూపాలకీ కావాల్సిన జీన్లు ప్రతి పురుగులోనూ ఉన్నాయి. 2018లో వచ్చిన ఇంకో పరిశోధన మా నెట్ హౌస్ అన్నకి నచ్చేది. వరి ముదిరేకొద్దీ దాని రసంలో గ్లూకోజు పెరుగుతుంది, ఆ పెరిగిన గ్లూకోజే పురుగుకి "చేను అయిపోవస్తోంది" అన్న కబురు, అప్పుడు పొడుగు రెక్కలవి ఎక్కువ వస్తాయి. రద్దీ ఒక్కటే కాదు, మొక్క వయసు కూడా సూచనే అన్నమాట.

ఇక్కడ చాలామంది తికమకపడే చోటు ఒకటుంది. సూచన వేరు, అసలు ఇబ్బంది వేరు. గ్లూకోజు పెరగడం పురుగుకి ఇబ్బందేం కాదు, పైగా తీపి తిండి. ఇబ్బంది రెండు వారాల తర్వాత చేను ఎండినప్పుడు వస్తుంది. రెక్కలు వెయ్యాలా వద్దా అన్నది పిల్లగా ఉన్నప్పుడే తేలిపోవాలి, పెద్దయ్యాక చేను ఎండింది కదా అని అప్పటికప్పుడు రెక్కలు మొలిపించుకోవడం కుదరదు. అందుకని రాబోయేదాన్ని ముందే పట్టిచ్చే గుర్తు ఏదో దాన్ని పట్టుకున్న వంశాలు మిగిలాయి. ఆఫ్రికాలోని మలావి ప్రాంతంలో బైసైక్లస్ అనే గోధుమరంగు సీతాకోకచిలుకని పాల్ బ్రేక్‌ఫీల్డ్ బృందం ఏళ్ల తరబడి చదివింది. అక్కడ వానాకాలం వెచ్చగా ఉంటుంది, ఎండాకాలం వచ్చే ముందు చల్లబడుతుంది. గొంగళి దశలో వెచ్చదనం తగిలితే రెక్కల మీద పెద్ద కంటి మచ్చలు వస్తాయి, చల్లదనం తగిలితే మచ్చలు చిన్నవైపోయి ఎండుటాకు రంగు వస్తుంది. చలికీ మచ్చకీ సంబంధం ఏమిటంటే ఏమీ లేదు, చలి వెనకాల ఎండుటాకుల కాలం వస్తుంది, అంతే. అదే రూలుని తెచ్చి మన దగ్గర పెడితే పనికిరాదు, ఏప్రిల్, మే నెలల్లో మనకి వేడీ ఎండుగడ్డీ కలిసే ఉంటాయి కాబట్టి. వాతావరణం మారిపోతోందని భయపడేదానికి ఇదొక కారణం. గుర్తుకీ అసలు సంగతికీ మధ్య ఉన్న లంకె తెగిపోతే, నిన్నటిదాకా కాపాడిన రూలే రేపు ముంచుతుంది. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల సంగతీ చూడండి. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది, వేడి పెరిగితే ఆడవి ఎక్కువ పుడతాయి. ఇసుక ఇంకా కాగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

లామార్క్ దగ్గరికి వద్దాం. తల్లి జీవితంలో తెచ్చుకున్న మార్పు పిల్లలకి దిగితే, పొడుగు రెక్కల తల్లికి పొడుగు రెక్కల పిల్లలే పుట్టాలి. చేలో జరిగేది సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. నాట్లు వేసిన కొన్ని వారాలకి ఎక్కడి నుంచో ఎగిరి వచ్చి దిగేవన్నీ పొడుగు రెక్కలవే, నడిచి రాలేవు కదా. లేత చేలో అవి పెట్టిన గుడ్ల నుంచి వచ్చే కూతుళ్లలో ఎక్కువ భాగం పొట్టి రెక్కలవి. వాటి పిల్లలకో, ఆ తర్వాతి తరానికో, రద్దీ పెరిగి చేను పొట్ట దశ, కంకి ఈనే దశ దాటేసరికి మళ్లీ పొడుగు రెక్కలు. పైన బాబాయ్ గారు అడిగింది ఈ మూడో అంకం గురించే. పిల్లలకి దిగింది రెక్క కాదు, రూలు. కొన్ని జీవుల్లో తల్లి అనుభవం పిల్లల మీద ప్రభావం చూపుతుంది, గుంపులో పెరిగిన మిడత గుడ్ల నుంచి గుంపు లక్షణాలున్న పిల్లలు వస్తాయి, అది నిజమే. కానీ ఆ పిల్లల్ని విడిగా పెంచుతూ పోతే కొన్ని తరాల్లో మళ్లీ ఒంటరి రూపానికి వచ్చేస్తాయి, అది కూడా ఒక రకం సూచనే, తల్లి ద్వారా అందింది.

అసలు జీన్లు మారే పరిణామం ఎలా ఉంటుందో కూడా ఇదే పురుగు చూపించింది, పోల్చుకోవడానికి బాగుంటుంది. 1973లో ఐఆర్-26 అనే దోమని తట్టుకునే వరి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో మూడు నాలుగేళ్లలోనే దాన్ని హాయిగా తినేసే దోమలు తయారయ్యాయి. అవి సూచన చూసి మారినవి కావు. ఆ వరి మీద బతకగలిగే జీన్లున్న కొన్ని పురుగులు మిగిలి, వాటి సంతానమే నిండిపోయింది. రెక్కల మార్పు ఒక తరంలో వచ్చి ఇంకో తరంలో వెనక్కి పోతుంది, ఇది అలా పోదు. పరీక్షలో ఈ రెండూ కలిపేసి రాసేవాళ్లు ఎక్కువ, మీరు కలపకండి.

సూచనకి స్పందించే గుణమే కొత్తగా పుట్టగలదా అని ఎవరైనా అడిగితే 2006లో సుజుకి, నైహౌట్ చేసిన ప్రయోగం చెప్పండి. పొగాకు గొంగళి ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. దాంట్లో జీన్ మారి నల్లగా వచ్చే మ్యూటెంట్ వంశం ఒకటి ఉంది. నల్లవాటికి గొంగళి దశలో వేడి తగిలిస్తే కొన్ని కాస్త పచ్చబడ్డాయి. బాగా పచ్చబడినవాటిని ఒకవైపు, అసలు మారనివాటిని ఇంకోవైపు ఎంచుకుంటూ పెంచితే, 13 తరాల్లో ఒక వంశం చల్లగా ఉంటే నలుపు, వేడిగా ఉంటే పచ్చ అయ్యేలా తయారైంది, రెండో వంశం ఎంత వేడికైనా నల్లగానే ఉండిపోయింది. అంతకు ముందు లేని స్విచ్‌ని ఎంపిక ఒక్కటే తయారుచేసి చూపించిందన్నమాట. కొత్త రూపాలన్నీ ముందు ఇలా పరిసరాల వల్లే పుట్టి, తర్వాత జీన్లలో స్థిరపడతాయని వాదించేవాళ్లున్నారు. కొన్నిచోట్ల అలా జరిగి ఉండొచ్చు, అన్నిచోట్లా అదే దారి అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ప్రాజెక్టు సంగతి. మీ కాలేజీ దగ్గర వరి ఉంటే రెక్కల లెక్క ఒక్కటే చాలు, పెంపకం జోలికి పోకండి. ఒకే చేను ఎంచుకుని పిలకల దశ నుంచి కోత దాకా వారం వారం వెళ్లండి. గట్టు పక్క దుబ్బులు కాకుండా లోపలికి దిగి, అక్కడక్కడా దుబ్బుల్ని వంచి, అడుగున తెల్లటి ప్లేటు పెట్టి రెండుసార్లు తట్టండి. పడినవాటిలో పెద్ద పురుగుల్ని ఆడా మగా విడగొట్టి, పొట్టి ఎన్ని, పొడుగు ఎన్ని, దుబ్బుకి మొత్తం ఎన్ని అని రాసుకోండి. ఆడా మగా కలిపేస్తే లెక్క పాడవుతుంది, మగవాటి హద్దు ఆడవాటి హద్దులా ఉండదు. చేతి లెన్సు ఒకటి దగ్గరుంచుకోండి, తెల్ల వీపు దోమ కూడా అక్కడే ఉంటుంది, మెడ వెనక తెల్లటి పట్టీ చూసి దాన్ని పక్కన పెట్టెయ్యాలి. రైతు ఎప్పుడు ఏ మందు కొట్టాడో, యూరియా ఎప్పుడు వేశాడో అడిగి తేదీతో సహా రాయండి, లేకపోతే ఒక వారం పురుగు తగ్గిందంటే ఎందుకు తగ్గిందో మీకే తెలియదు. ఇంకోటి, చేలో సుడి కనిపించిన వారం నుంచి వెళ్లడం మానకండి. జట్టు జట్టుగా పొడుగు రెక్కలవి పుట్టేది అప్పుడే, గ్రాఫులో మీకు కావాల్సిన గీత పైకి లేచేదీ ఆ రెండు మూడు వారాల్లోనే.